ఒక్క లైటూ రాదు

“ఏం గాదు సార్, సెన్సర్ ప్రాబ్లం.”

హనుమకొండలో పాత కారున్న ప్రతివాడూ ఒక్కసారైనా విన్న మాట ఇది. విని సంతోషించిన మాట కూడా. చౌరస్తాలో ఎర్రలైటుకు ఎంత విలువిస్తామో డాష్‌బోర్డు మీది ఎర్రలైటుకూ అంతే ఇస్తాం. మనది సమదృష్టి.

నా కారు 2008 నాటిది. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 36 అనే ఉంటుంది. పదిహేనేళ్లు నిండాక, 2023లో, మరో ఐదేళ్లు బతకమని రవాణా శాఖ దీవించింది. ఆ దీవెన సిరా ఆరకముందే బ్రేకు లైటు వెలగడం మొదలైంది. అదీ ఒక పద్ధతిగా వెలిగేది. కాజీపేట ఫాతిమా బ్రిడ్జి ఎక్కుతుంటే వచ్చేది, చదునైన రోడ్డు మీదికి రాగానే పోయేది. “వచ్చుడు పోవుడు ఉన్నదంటే వైరు లూజున్నట్టే సార్” అన్నాడు మెకానిక్. బానెట్ ఎత్తాడు, డబ్బా మూత తిప్పాడు, సీసా వంచాడు, మూత బిగించాడు. లైటు ఆరింది.

లూజైన వైరు, చెడిపోయిన సెన్సర్, ఇద్దరూ గుక్కెడు బ్రేక్ ఆయిల్ పోయగానే బుద్ధి తెచ్చుకున్నారన్నమాట! ఈ అద్భుతం గురించి నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు. మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. మళ్లీ గుక్కెడు. నెల తిరక్కుండానే మళ్లీ. సెన్సర్‌కు దాహం ఎక్కువని తేలింది.

నిజానికి ఆ డబ్బాలో ఉండేది పాపం ఒక తేలే బెండు. ఆయిల్ దిగితే అదీ దిగుతుంది, స్విచ్ కలుస్తుంది, లైటు వెలుగుతుంది. కారంతటిలో ఇంత అమాయకమైన వస్తువు ఇంకోటి లేదు. ఆయిల్ కనీస మట్టం అంచుకు దిగినప్పుడు బ్రిడ్జి ఎక్కితే డబ్బాలో ఒక పక్కకు ఒరుగుతుంది, లైటు వస్తుంది. చదును మీద సర్దుకుంటుంది, పోతుంది. బెండు అబద్ధమాడటం అసలు లేదని కాదు. ఎప్పుడైనా అదీ మునుగుతుంది, వైరూ తెగుతుంది. కానీ మనం మొదటి రోజే ముద్దాయిగా నిలబెట్టేది సాక్షిని.

మూడోసారి వెళ్లినప్పుడు కొత్త సిద్ధాంతం వచ్చింది. “ఎండలు మస్తున్నయి సార్, ఆవిరైతున్నది.” రోహిణి కార్తెలో ఓరుగల్లు నలభై అయిదు డిగ్రీలు కాగుతుంది, ఒప్పుకుంటాను. కొత్త డాట్ 3 బ్రేక్ ఆయిల్ మరగాలంటే 205 డిగ్రీలు కావాలి. ఇంకా నూట అరవై తక్కువ. మూత బిగించిన డబ్బాలోంచి వారానికి వేలెడు ఆవిరయ్యేంత ఎండే కాస్తే, లైటు సంగతి చూసుకోవడానికి డ్రైవరు మిగలడు.

కాకతీయులు తవ్వించిన చెరువుల నీళ్లు తాగి పెరిగిన ఊరు మనది. ఎండకు ఆరేది పక్కన పెడితే, చెరువులో నీరు తగ్గడానికి కారణాలు రెండే అని ఇక్కడ పసిపిల్లవాడికీ తెలుసు. తూము గుండా పొలానికి పోవాలి, లేదా కట్టకు గండి పడాలి. బ్రేకుదీ ఇదే లెక్క. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఖాళీ అయిన చోట ఆయిల్ నిండుతుంది, డబ్బాలో మట్టం నెలల తరబడి మెల్లగా దిగుతుంది. ఇది తూము. అప్పుడు చూడాల్సింది ప్యాడ్లను. వాటిని చూడకుండా డబ్బా నింపితే, రేపు కొత్త ప్యాడ్లు వేసిన రోజు పిస్టన్లు వెనక్కి జరిగి ఆయిల్ పొంగుతుంది, పడిన చోటల్లా పెయింట్ ఊడుతుంది. వారాల్లోనే దిగిందంటే మాత్రం గండి. 2023 జులై వరదలకు భద్రకాళి చెరువు కట్ట తెగితే అందరూ గండి దగ్గరికి పరిగెత్తారు. బిందెలతో నీళ్లు తెచ్చి చెరువు నింపుదామన్న మహానుభావుడు ఒక్కడూ లేడు. వాళ్లంతా కార్ల షెడ్లలో ఉన్నారు.

గండి వెతకడం బ్రహ్మవిద్యేం కాదు. రాత్రి కారు కింద అట్టముక్కలు పరిస్తే తెల్లారేసరికి ఏ చక్రం దగ్గర తడిసిందో కనిపిస్తుంది. వెనక డ్రమ్ముల్లో వీల్ సిలిండర్, ముందు రబ్బరు గొట్టాలు, తుప్పు పట్టిన ఇనుప పైపులు, ఇవే అనుమానితులు. ఎక్కడా చుక్క లేకపోయినా ఆయిల్ మాయమవుతుంటే మాస్టర్ సిలిండర్ వెనక నుంచి బూస్టర్‌లోకి కారుతుండవచ్చు. ఇంజిన్ దాన్ని పీల్చుకుంటే సైలెన్సర్ తెల్ల పొగ వదులుతుంది. ఇక పెడల్ తొక్కి పట్టినప్పుడు కాలి కింద మెల్లగా కుంగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయినట్టు. ఆ కారు మెకానిక్ దగ్గరికి నడిపించుకుంటూ కాదు, లాగించుకుంటూ పోవాలి.

పోసేవాడి చేతిలోని సీసానూ చూడాలి. పేరుకే అది ఆయిల్, జాతికి నూనె కాదు. “ఏదైతేంది సార్, నూనె నూనెనే” అని ఇంజిన్ ఆయిల్ పోస్తే బ్రేకు రబ్బర్లన్నీ గారెల్లా ఉబ్బుతాయి. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరిన డాట్ 3 దాదాపు 140 డిగ్రీలకే మరుగుతుంది, ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ దూదిపింజ అవుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. రెండేళ్లకోసారి! మేడారం జాతర తేదీ గుర్తుపెట్టుకోలేనివాడు ఓరుగల్లులో ఉన్నాడా? ప్రతి జాతరకూ అదే కారులో వెళ్లి, అమ్మలకు నిలువెత్తు బెల్లం బంగారం తూచి, నాలుగు జాతర్ల కింద పోసిన ఆయిల్‌తోనే తిరిగొస్తాం. క్షేమంగా వచ్చామంటే అది తల్లుల దయ. ఆయిల్‌ది కాదు.

ఇంత రాసి మెకానిక్ నెత్తిన రుద్దితే పాపం. నేను షెడ్డుకు పోయి “బ్రేకులు చూడు” అనలేదు, “ఈ లైటు తీసెయ్” అన్నాను. అతను తీసేశాడు. నాలుగు చక్రాలు ఊడదీసి పూటంతా చూస్తానంటే “దోచుకుంటున్నాడు” అని ఇంకో షెడ్డుకు పోయేవాణ్నే. భద్రకాళి గుడి ముందు కొత్త కారుకు చక్రానికొకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు తొక్కించినవాణ్ని, ఆ నాలుగు చక్రాల వెనక ఏముందో పదిహేనేళ్లుగా వంగి చూడలేదు. చివరికి వంగితే, ఎడమవైపు వెనక టైరు లోపలి గోడ తడిగా మెరుస్తోంది. వీల్ సిలిండర్‌లో బొటనవేలంత రబ్బరు కప్పు చిరిగింది. రెండు వైపులా మార్పించి, గాలి తీయించాక లైటు మళ్లీ రాలేదు. సెన్సర్ మాత్రం అదే.

ఈ జ్ఞానోదయం ఊరంతా చాటుతుంటే విని, పాత కారు కొనబోతున్న మా తమ్ముడు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. అమ్మేవాడు బానెట్ మీద ప్రేమగా చెయ్యేసి అన్నాడు: “మస్తు కండిషన్ల ఉన్నదన్నా. డాష్‌బోర్డు మీద ఒక్క లైటు గూడ రాదు.”

హ్యాండ్ బ్రేక్ లాగి తాళం తిప్పాను. బాగున్న ఏ కారైనా అప్పుడు ఆ ఎర్రలైటు చూపించి తీరాలి.

నిజమే. ఒక్కటీ రాలేదు.