పాత లాప్‌టాప్‌కు తలకిందుల సలహాలు

ప్రొజెక్టర్‌కు తీగ తగిలించాక తెర నల్లగానే ఉండిపోతే లైనక్స్ వాడేవాళ్లకు అందరూ చెప్పే మాట ఒక్కటే: "డ్రైవర్ లేదు, కొత్తది కొనుక్కో." నా సలహాలు దీనికి పూర్తిగా ఎదురు. వింతగా అనిపించినా పాటించి చూడండి.

ముందే డ్రైవర్ కోసం వెతకొద్దు, పోర్టు చూడండి. మైపాడు, కృష్ణపట్నం, కోట వైపు సముద్రతీరంలో ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పుపడతాయి. ఇక వీజీఏ పిన్నులెంత? ఆ పదిహేను పిన్నుల్లో 12, 15 నంబర్లవి బొమ్మను మోయవు. ప్రొజెక్టర్ తన కొలతలను లాప్‌టాప్‌కు చెప్పుకునేది వాటిమీదుగానే. ఆ రెండింటికీ పచ్చగా చిలుము పడితే, మిగతా పిన్నులు శుభ్రంగా ఉన్నా బొమ్మ 1024×768 దగ్గర ఆగిపోవచ్చు, లేదా అసలు రాకపోవచ్చు. తప్పు డ్రైవర్‌ది కాదు, సముద్రానిది. కరెంటు తీసి, బ్యాటరీ ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని బ్రష్‌తో తుడవండి. తీగ రెండు కొసలూ మరిచిపోకండి. అప్పటికీ గుర్తించకపోతే బూట్ లైన్‌లో 'వీడియో' అని రాసి, పోర్టు పేరు, రిజల్యూషన్ చేర్చి, చివర 'ఇ' అక్షరం పెట్టండి. ఎదురుగా ఏముందో తెలియకపోయినా కెర్నల్ ఆ పోర్టును తెరిచి ఉంచుతుంది.

అదే బూట్ లైన్‌లో 'నోమోడ్‌సెట్' పెట్టి తెర కనిపించింది కదా అని వదిలేయొద్దు. అది అసలు డ్రైవర్‌నే పక్కన కూర్చోబెడుతుంది. ఇన్‌స్టలేషన్ గట్టెక్కడానికి మంచిదే, ఆ తర్వాత తీసేయండి. లేకపోతే బయటి తెరను విడిగా నడపలేరు.

సెకండ్‌హ్యాండ్‌ది కొనేటప్పుడు ర్యామ్, ప్రాసెసర్ తర్వాత, ముందు గ్రాఫిక్స్ చిప్ పేరు అడగండి. సిస్ మిరాజ్ 3 అయితే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఇంటెల్ జీఎంఏ 500, 3600 కూడా అంతే. పేరు ఇంటెల్‌దైనా లోపలున్నది ఇమాజినేషన్ టెక్నాలజీస్ వారి పవర్‌వీఆర్ డిజైన్. కెర్నల్‌లోని డ్రైవర్ బొమ్మ చూపిస్తుంది గానీ 3డీ ఇవ్వదు. ఎన్విడియా జీఫోర్స్ 8, 9 వరసలకు పనికొచ్చే 340 డ్రైవర్‌కు 2019 చివరితో కంపెనీ మద్దతు ముగిసింది. అదే కాలపు రేడియన్‌లను తమ సొంత డ్రైవర్ నుంచి ఏఎండీ 2012లోనే తప్పించింది. అయినా వాటి ఓపెన్ డ్రైవర్ ఇవాళ్టికీ పనిచేస్తోంది, ఎందుకంటే చిప్ వివరాల పత్రాలను ఏఎండీ 2007 నుంచి బయటపెట్టడం మొదలుపెట్టింది. డ్రైవర్ బతకాలంటే పత్రాలు బయటికి రావాలి, అంతే.

అప్‌డేట్ అన్నిటికీ మందు కాదు. 2022లో గ్రాఫిక్స్ లైబ్రరీ మెసా 22.0, 2023లో కెర్నల్ 6.3 చాలా పాత చిప్‌ల డ్రైవర్లను తీసేశాయి. పని చేస్తున్న పాత కెర్నల్‌ను గ్రబ్ మెనూలో అలాగే ఉంచుకోండి. నెట్‌కు తగిలించకుండా బడిలో పాఠాలు చూపించే యంత్రానికి అది చాలు. బ్యాంకు పనులకు మాత్రం దాన్ని వాడొద్దు.

బాలస్వేచ్ఛ పేరుతో బడిపిల్లల కోసం తెలుగులో సిస్టమ్ తెచ్చిన స్వేచ్ఛ లాంటి బృందాలు మనకున్నాయి. ఏ చిప్, ఏ కెర్నల్‌తో బొమ్మ వచ్చిందో వాళ్లకు రాయండి. అదే సంగతి ఒక చీటీ మీద రాసి లాప్‌టాప్ అడుగున అంటించండి. మీ తర్వాత దాన్ని వాడేవాళ్లకు పనికొస్తుంది.