ఒక్క రాత్రికి చేను దొరుకుతదా?

సంక్రాంతి పోయింది, అల్లుడు పోలేదు.

అల్లుడంటే కూతురి మొగుడు కాదు. వాడికైతే మర్యాదలకు ఒక లెక్క, తిరుగు బస్సుకు ఒక టైము ఉంటాయి. వీడు మా బామ్మర్ది కొడుకు. మా ఆవిడకు పుట్టింటి పిల్లగాడు కాబట్టి మా ఇంట్లో వాడి మాట మీద అప్పీలు లేదు. డల్లాస్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, బెంగుళూరుకు తిరిగొచ్చి, అక్కడ ఒక టెంపో ట్రావెలర్ కొన్నాడు. సీట్లు పీకించి మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, కక్కూసు పెట్టించాడు. సింబా అనే గోల్డెన్ రిట్రీవర్‌ను ఎక్కించుకొని జగిత్యాలలో దిగాడు. మా ఇంట్లో గదులు ఖాళీగానే ఉన్నాయి. అయినా ఇంట్లో పడుకోడు, పొలంలో పడుకుంటాడు. పొలమంటే గేటు, గడ్డి, ఊయల ఉన్న ఫామ్‌హౌస్ కూడా కాదు.

"పని నడిచే చేను కావాలె మామా. అదే అసలు ఎక్స్‌పీరియెన్స్."

అమెరికాలో దీనికి పద్ధతిగా ఒక ఏర్పాటు ఉంది. హార్వెస్ట్ హోస్ట్స్ అని 2010లో మొదలైంది. ఏడాది చందా కట్టినవాళ్లు తమ బండితో పోయి ఏ రైతు పొలంలోనో, ద్రాక్షతోటలోనో ఒక రాత్రి ఆగొచ్చు. కిరాయి ఉండదు. పోయేముందు రైతు దగ్గర తేనో జున్నో కొనుక్కోవడం మర్యాద. కక్కూసు మాత్రం ఎవరి బండిలో వాళ్లకు ఉండాలి. ఫ్రాన్సు వాళ్లు ఫ్రాన్స్ పాషన్ పేరుతో 1993 నుంచే ఈ పని చేస్తున్నారు. మన కేరళ కూడా 2021లో కారవాన్ల కోసం ఒక టూరిజం విధానం ప్రకటించింది. అమెరికాలో ఫోన్లో యాప్ తెరిస్తే ఏ పొలంలో ఆగొచ్చో పటం మీద కనిపిస్తుందట. జగిత్యాల జిల్లాలో ఆ యాప్ నేనే.

పొద్దున చాయ్ కప్పు చేతికి రాగానే మొదలవుతుంది. "మామా, ఇయ్యాల కోరుట్ల దిక్కు పసుపు చేను." మర్నాడు మామిడి తోట. ఆ మర్నాడు సిరిసిల్ల దిక్కు, ఏదైనా సరే, కాకపోతే నీళ్లు కనబడాలె. నేను ఫోన్ పట్టుకొని నాకు తెలిసిన రైతులను ఒక్కొక్కరినీ బతిమాలాలి. అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న అందరిదీ ఒకటే.

"చేన్ల ఎందుకు పంటడు సారూ, ఇంట్ల పండుమనుండ్రి."

"లేదే, ఆయనకు చేనే కావాలట."

కాసేపు చప్పుడుండదు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్ల ఏమన్న లొల్లయిందా?"

బామ్మర్ది కొడుకును కుక్కతో సహా ఇంట్లోంచి వెళ్లగొట్టిన మనిషిగా కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా నా పేరు స్థిరపడింది. పోనీ అనుకుందామంటే, రైతులు పైసలు తీసుకోరు. "మీ అల్లుడైతే మా అల్లుడు గాదా?" అంటారు. తీసుకుంటే లెక్క అక్కడికక్కడే తెగేది. తీసుకోలేదు కాబట్టి నాలుగు రోజులకు నాకు ఫోన్ వస్తుంది. ఒకాయన పాసుబుక్కులో రెండు గుంటలు తక్కువ పడ్డాయి, నాకెవరైనా తెలుసా? ఇంకొకాయన కొడుకు మస్కట్‌లో కంపెనీ మారాలంటున్నాడు, కాగితాలు ఒకసారి చూస్తానా? మరొకాయన బిడ్డ పెళ్లి, పెట్టుపోతలతో సహా నేను తప్పక రావాలి. అల్లుడు పడుకున్న రాత్రులకు కిరాయి నేను వాయిదాల పద్ధతిలో కడుతున్నాను. వాడు మాత్రం ఫోటోల కింద, ఊరివాళ్లది ఎంత పెద్ద మనసో రాసుకుంటాడు.

కోరుట్ల పసుపు చేనుకు పోవాలంటే అరవై మూడో నంబరు జాతీయ రహదారి దిగి, ఎస్సారెస్పీ పిల్లకాలువ గట్టు పట్టుకొని పోయి, ఒక చింతచెట్టు దగ్గర బండిని వెనక్కి తిప్పి లోపల పెట్టాలి. ఇక్కడ అసలు సంగతి కాసేపు ఆపుతాను. ఇంకొకరి బండిని రివర్సు చేయించే విద్య మన దగ్గర ఎంత పెరిగిందో ఎవరో ఒకరు రాయాలి.

రివర్సు గేరు పడ్డ చప్పుడుకు మనుషులు పుడతారు. అప్పటిదాకా కనుచూపు మేరలో ఒక బర్రె, ఒక కొంగ. గేరు పడగానే సభ నిండుతుంది. ఒకడు బండి వెనక నిలబడి రెండు చేతులూ తన వైపు ఊపుతూ "రానియ్, రానియ్, రానియ్" అంటాడు. అతనికి వేరే మాట రాదు. చక్రం కాలివేళ్ల దాకా వచ్చినా "రానియ్" అనే అంటూ చివరి క్షణంలో పక్కకు దూకుతాడు. రెండో ఆయన "లెఫ్టుకు కొట్టు, లెఫ్టుకు" అంటాడు. ఎవరి లెఫ్టు? తను బండికి ఎదురుగా నిలబడి తన లెఫ్టే చెబుతున్నాడో, డ్రైవరు మీద దయతో తిప్పి చెబుతున్నాడో బండి గుంతలో పడితే గానీ తేలదు. మూడో ఆయన బండి వీపు మీద అరచేత్తో కొడతాడు. ఆర్టీసీ లెక్కలో ఒక గంట కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి. ఈయన ఆ ఒప్పందంలో లేడు, ఉత్సాహాన్ని బట్టి కొడతాడు. నాలుగో వాడు బడిపిల్లగాడు. ఫోన్‌లో టార్చి వేసి తొవ్వ చూపిస్తాడు, అదీ సూటిగా డ్రైవరు కళ్లల్లోకి. ఇక గట్టు మీద బీడీ కాలుస్తూ కూర్చున్న పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. లేవడు, చెయ్యి ఊపడు, నోరు విప్పడు. ఆయనది చివరి డైలాగు.

మా వాడి బండికి రివర్సు కెమెరా ఉంది. లోపల తెర మీద ఆకుపచ్చ, పసుపు, ఎర్ర గీతలు వస్తాయి, ఏదైనా అడ్డొస్తే కీ కీ అంటుంది. వాడు మనుషుల మాట నమ్మలేదు, గీతల్ని నమ్మాడు. గీతలకు గడ్డి కనబడింది గానీ గడ్డి కింద కాలువ కనబడలేదు. లోపల కెమెరా కీ కీ, సింబా భౌ భౌ, బయట రానియ్ రానియ్, దెబ్బ మీద దెబ్బ, టార్చి. వెనక ఎడమ చక్రం నెమ్మదిగా దిగబడింది.

అప్పుడు గట్టు మీది పెద్దమనిషి బీడీ ఆర్పి, "నేను అనుకుంటనే ఉన్న" అన్నాడు.

ట్రాక్టరును ఎవరు పిలిచారో తెలియదు. మన దగ్గర బండి దిగబడితే ట్రాక్టరు దానంతటదే వస్తుంది. గొలుసు ఎక్కడ తగిలించాలన్న దాని మీద మళ్లీ మొదటి నుంచి చర్చ నడిచింది. ఇందాక వెనక నిలబడి రానియ్ అన్నవాడే ముందుకొచ్చి "పోనియ్, పోనియ్" అందుకున్నాడు. బండి బయటపడింది. ఎవరూ పైస ముట్టలేదు, చాయ్ తాగి పోయారు. ఆ చేను రైతు నా పక్కన నిలబడి ఇదంతా ఒక రకమైన బాధతో చూస్తున్నాడు. పసుపు తవ్వడానికి మనుషుల కోసం వారం నుంచి తిరుగుతున్నాడట. కూలి పెంచుతానన్నా ఉన్నవాళ్లకు తోడు ఇంకో ఇద్దరు దొరకలేదు.

సరే, అసలు సంగతికి వస్తే, పని నడిచే చేను కావాలన్నాడు కదా. నడిచింది. తెల్లార్లూ నడిచింది. ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉన్న పసుపు తవ్వాక దాన్ని ఉడకబెట్టాలి, ఎండబోయాలి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి. ఉడకబెట్టే ఆవిరి బాయిలరు కిరాయిది. ఒక చేను నుంచి ఇంకో చేనుకు వంతుల ప్రకారం పోతుంది. మన వంతు రాత్రి పదకొండింటికి వస్తే రాత్రి పదకొండుకే ఉడకబెట్టాలి, అల్లుడు పడుకున్నాడని ఆగదు. ఆ బుసబుస, పొయ్యిలో కట్టెల పొగ, ఉడుకుతున్న పసుపు వాసన, కూలీల ఫోన్లలో పాటలు. పొద్దున చూస్తే వాడి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "చాలా అథెంటిక్ మామా" అన్నాడు.

కుక్క సంగతి అంతకంటే అథెంటిక్. పొద్దున తలుపు తీయగానే దూకి, పాలిష్ డ్రమ్ము కింద రాలిన పసుపు పొడిలో ఇష్టమొచ్చినంత సేపు దొర్లింది. తవ్వకానికి వచ్చిన ఒకావిడ దాన్ని చూసి, "ఏం బిడ్డా, నలుగు పెట్టిండ్రు, లగ్గమెప్పుడు?" అని మా వాణ్ణి అడిగింది. వాడు దాన్ని మోటారు కాడికి తీసుకుపోయి సబ్బు పెట్టి రుద్దాడు. పసుపుకు సున్నం తగిలితే పారాణి అవుతుందని మా ఇళ్లల్లో ఆడవాళ్లందరికీ తెలుసు. సబ్బు తగిలినా అంతే. సింబా పొట్ట మీది తెల్లటి బొచ్చు పారాణి రంగుకు తిరిగింది. తర్వాత అది మా ఇంటికొచ్చి దివాన్ మీద పడుకుంది. దివాన్ మీది దుప్పటి సిరిసిల్ల నుంచి మా ఆవిడ ఏరి తెచ్చుకున్నది. అల్లుణ్ణి ఏమీ అనలేదు. నన్ను అన్నది.

మామిడి తోటలో ఏమీ జరగలేదు. పూత మీదున్న తోట, మందు కొట్టే రోజులు. తోటాయన కుక్కను బండి దిగనియ్యలేదు, మంట పెట్టనియ్యలేదు. వాడు కిటికీలోంచి పూత చూసి వచ్చాడు.

జంతువుల్ని వెంటబెట్టుకొని తిరగడం మనకేమన్నా కొత్తా? వేములవాడ రాజన్నకు కోడెను కట్టే వాళ్లం. సమ్మక్క జాతరకు బియ్యం, గిన్నెలు, పిల్లలు, ముసలివాళ్లు, మేక, కోళ్లు అన్నీ ఎడ్లబండిలో ఎక్కించుకొని, దారిపొడుగునా చెట్ల కింద వండుకుంటూ, బండి కిందనే పడుకుంటూ పోయిన వాళ్లం. తేడా ఒక్కటే, తిరుగు ప్రయాణంలో మేక ఉండేది కాదు.

సిరిసిల్ల దిక్కు మానేరు కనబడే ఒక కోసిన పొలంలో జాగా దొరికింది. మేం పోయేసరికి అక్కడ ఇంకొకాయన ముందే దిగి ఉన్నాడు. ఆయన వెంట గొర్రెల మంద. ఆయన బండి టీవీఎస్ మోపెడ్. దానికి అటొకటి ఇటొకటి సంచులు, వాటిలోంచి తలలు బయటపెట్టి చూస్తున్న గొర్రెపిల్లలు, నీళ్ల డబ్బా, ఒక గిన్నె, మడిచిన గొంగడి. పొలం చుట్టూ వల కట్టి మందను లోపలికి తోలుతున్నాడు. ఆ మందలో కొన్ని సర్కారు గొర్రెల సంతానం. 2017లో 75 శాతం రాయితీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు వచ్చిన వాటి మనవరాళ్లు. మంద రాత్రంతా పొలంలో పడుకుంటే పెంట, మూత్రం నేలకు బలం. అందుకే రైతే పిలిచి మంద పెట్టించుకుంటాడు. "యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టే కన్న ఇది నయం" అన్నాడు పొలం ఆసామి.

మా వాడికి కడుపు నిండిపోయింది. "అన్నా, మీరు కూడా ఫుల్ టైం ట్రావెలా?"

"మంద యాడుంటే నేనాడ" అన్నాడు గొర్లాయన. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, కిటికీలోంచి ఫ్రిజ్ చూసి, సింబాను చూసి, "దీని ఊలు మంచిగున్నది. ఏడాదికి ఎన్నిమాట్ల కత్తిరిస్తరు?" అని అడిగాడు. చివరికి అసలు ప్రశ్నకు వచ్చాడు.

"ఈ రాత్రి చేన్ల పంటే ఆసామి నీకెంతిస్తుండు?"

"ఆయన ఇచ్చుడేంది అన్నా, నేనే ఇస్త."

గొర్లాయన నా వైపు తిరిగాడు. "సదువుకున్నడా?"

"మంచిగనే సదివిండు."

ఆయన కాసేపు ఆలోచించాడు. బండిలో కక్కూసు కూడా ఉందని అప్పటికి తెలిసింది. అదంతా కింద ట్యాంకులో నిలవ ఉంటుందని, మందు పోస్తే వాసన రాదని, తర్వాత ఎక్కడైనా ఖాళీ చేయాలని వాడు శ్రద్ధగా వివరించాడు. గొర్లాయన అంతా విని, "మా గొర్లది తెల్లారేసరికి పైసలైతది" అన్నాడు. ఇందులో నేను కలపగలిగింది ఏమీ లేదు.

రాత్రి ఏసీ బండి తలుపు తెరిచి వాడు మెట్టు మీద కూర్చున్నాడు, నేను కుర్చీలో. "మామా, మీరెప్పుడన్న చేన్ల పండుకున్నరా?" అన్నాడు.

పండుకున్నాం. మాకు చేన్ల రాత్రంటే కరెంటు. త్రీఫేజు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి వంతుల్లో వచ్చే రోజులు. ఏ రెండు గంటలకో వస్తుంది, ఎప్పుడు పోతుందో తెలియదు. వచ్చిన ఆ కాసేపట్లో మోటారు ఆన్ చేయకపోతే మడి ఎండుతుంది. మా అన్న బాయికాడే పడుకునేవాడు. మా ఇంటి కుక్క కూడా పోయేది, దానికి పేరు పెట్టాలన్న సంగతి కూడా మాకెవరికీ తోచలేదు. చీకట్లో తడికాళ్లతో స్టార్టర్ డబ్బా ముట్టుకొనో, గడ్డిలో పురుగు ముట్టో ఆ ఏళ్లలో ఎన్ని ఊళ్లలో ఎంతమంది పోయారో! మా అన్న మిగిలాడు. ఇరవై నాలుగు గంటల కరెంటు 2018 జనవరి ఒకటిన వచ్చింది, అప్పటికి మేం ఆ భూమి అమ్మేశాం. ఇప్పుడక్కడ రాళ్లు పాతి ప్లాట్లు చేశారు.

"నక్షత్రాలు మస్తు కనబడేవి కావచ్చు" అన్నాడు అల్లుడు.

స్టార్టర్ మీది బల్బు వెలిగిందా లేదా అన్నది తప్ప మేం పైకి చూసిందే లేదని వాడికి చెప్పలేదు. "కనబడేవి" అన్నాను.

వచ్చే నెల వాడి సోపతిగాళ్లు ఇంకో మూడు బండ్లలో వస్తున్నారట. ఒకాయన వెంట పిల్లి. మా ఆవిడ వాళ్లందరికీ నా నంబరు ఇచ్చింది. మొన్న తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే వాళ్లేననుకొని విసుగ్గా ఎత్తాను. సిరిసిల్ల గొర్లాయన. "సారూ, నువ్వు అందరికి చేన్లు చూపిస్తవట గద. మెట్‌పల్లి దిక్కు మందకు ఒక చెల్క జూడు. నీ కమీషనెంత?"

ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. రేటు ఇంకా ఖాయం చేయలేదు.