పాటకి రంగేసే మాస్టారు

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు కనుక్కోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, అంకెలొస్తే చాలు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఎటు తిరిగినా ఓ నర్సింగ్ హోము, ఓ కోచింగ్ సెంటరు, ఆ రెంటికీ వచ్చేవాళ్ళకి అన్నం పెట్టే మెస్సు తగులుతాయి. ఇంత లెక్కగా నడిచే పేటలో ఏ లెక్కకీ అందని మనిషొకరు డాబా మీద రేకుల గదిలో ఉంటారు. పాట వింటారు, విన్న పాటని కాన్వాసు మీదికెక్కిస్తారు. పేటంతా ఆయన్ని బొమ్మల మాస్టారంటుంది. ఆ ఒక్క మాటే ఆయనకి గిట్టదు. ఆయన వేసేవాటిల్లో బొమ్మ ఉండదు, ఉంటే ఊరుకోరు. పొరపాటున ఓ గీత వంకర తిరిగి ముక్కులాగానో చెంబులాగానో కనబడిందా, వెంటనే పుట్టీ బ్లేడు పెట్టి గీకేస్తారు.

ఈ పగకి కారణం ఉంది. సర్వీసంతా ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. మామిడికాయ, కుండ, గుడిసె, గుడిసె వెనక రెండు కొండలు, కొండల మధ్య సూర్యుడు. ఏ పిల్లాడి పుస్తకం తెరిచినా అవే కొండలు, అదే సూర్యుడు. పైగా ఏ ఇన్‌స్పెక్టరొచ్చినా, ఏ హెడ్మాస్టరు బదిలీ అయినా బోర్డు మీద రంగు సుద్దలతో పూర్ణకుంభం వేయాల్సింది ఆయనే. రిటైరైన సాయంత్రం, మెడలో దండ ఉండగానే ఒట్టు పెట్టుకున్నారట, ఇకమీదట ఎవరైనా చూసి ‘ఇది ఫలానా’ అని చెప్పగలిగేది గీయనని. ఆ ఒట్టు నిలబెట్టుకున్నారనడానికి పేట మొత్తం సాక్ష్యం.

పని మొదలెట్టాక ఆయన్ని చూడాలి. సినిమా పాటైనా, అన్నమయ్య కీర్తనైనా, ఘంటసాల పద్యమైనా మొదటిసారి కళ్ళు మూసుకుని వింటారు. రెండోసారి వేళ్ళు కదులుతాయి. మూడోసారికి కింద నుంచి వాళ్ళావిడ కేకేస్తారు: “ఏమండీ, పాట అరిగిపోతుంది గానీ అన్నానికి రండి.” భోజనమయ్యాక కాన్వాసు. దానికి ముందురోజే రెండు పూతల తెల్ల ప్రైమరు వేసి, ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది ఉంచుతారు. పల్లవికి నేల రంగు, రోలరుతో అంచు నుంచి అంచుదాకా ఒకటే పూత. అది బాగా ఆరాక చరణాల రంగులు దాని మీద పడతాయి. పల్లవి పాటలో తిరిగొచ్చినప్పుడల్లా కాన్వాసులోనూ తిరిగి రావాలి కదా! అందుకని పై రంగు తడిగా ఉండగానే బ్లేడుతో గీకి అడుగు రంగుని బయటికి తీస్తారు. ఇది మాత్రం చూడ్డానికి నిజంగా బాగుంటుంది. వయొలిన్లు జోరందుకున్న చోట బ్లేడు వాల్చి సర్రున లాగితే ముదురు నీలం చీలి, అడుగునున్న నారింజ రంగు సన్నటి చారలుగా పైకొస్తుంది. బ్లేడు అంచున పోగైన నీలాన్ని పాత బనీనుకి తుడిచి, మళ్ళీ లాగుతారు. అప్పుడెవరైనా పలకరించారో, చెడిపోయిన చరణాలన్నీ వాళ్ళ ఖాతాలోకే.

ఈ పనికి మొదటి శత్రువు గుంటూరు ఎండ. యాక్రిలిక్ రంగు నీళ్ళతో కలిపేది. నీరు ఆవిరైతే అది ఆరినట్టే. మే నెలలో ఆ రేకుల కింద చరణం సగంలో ఉండగానే రంగు గట్టిపడుతుంది. ఆయిల్ రంగు అలా కాదు, రోజుల తరబడి ఆరుతుంది. అందుకని ఆయన ఓ నియమం పెట్టుకున్నారు: జోరు పాటలకి యాక్రిలిక్, విషాదానికి ఆయిల్. 1953 నాటి ‘దేవదాసు’ పాటొకటి వేసినప్పుడు అది ఎంతకీ ఆరలేదు. “దేవదాసు దుఃఖం అంత తొందరగా ఆరుతుందా?” అన్నారు మాస్టారు. “దుఃఖం ఉంటే ఉండనివ్వండి, ఈ కంపు నాకు పడదు” అని ఆవిడ టర్పెంటైన్ సీసా తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టారు.

రెండో శత్రువు వీధి. ఓసారి చరణం మంచి పట్టులో ఉండగా కింద ఉల్లిపాయల ఆటో మైకు మొదలైంది. చెయ్యి ఉలిక్కిపడి ఓ ఊదా చార అడ్డంగా పోయింది. తర్వాత ఓ లెక్చరరు గారు ఆ చార ముందు చాలాసేపు నిలబడి, పాట ప్రాణమంతా ఇక్కడే ఉందన్నారు. మాస్టారు కాదనలేదు. ఉల్లిపాయల సంగతి ఆవిడ చెప్పబోతే కాఫీ తెమ్మని లోపలికి పంపించేశారు.

‘పాటకి రంగేందండీ, చోద్యం!’ అన్నవాళ్ళకి జవాబు ఆయన నాలుక చివరే ఉంటుంది. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ సంగీతం విని వచ్చిన చిత్రకారుడు కాండిన్‌స్కీ ఆ కచేరీనే కాన్వాసుకెక్కించాడు. పియానో పెద్ద నల్ల ముద్ద, హాలు నిండా పసుపు వరద. పసుపంటే కాండిన్‌స్కీకి ట్రంపెట్ మోత. పసుపంటే దుగ్గిరాల యార్డేనని ఆవిడ. విదేశీయుల గురించి చెబితే నమ్మరని మాస్టారు దగ్గరివాళ్ళనీ లాక్కొస్తారు: గుడివాడలో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, అమెరికాలో స్థిరపడి, నైరూప్య చిత్రాలతోనే పద్మశ్రీ దాకా వెళ్ళిన ఎస్.వి. రామారావు మనవాడు కాదా? అసలు మన రాగమాల చిత్రాలేమిటి? తోడి అంటే వీణ పట్టుకున్న స్త్రీ, చుట్టూ చేరి వింటున్న జింకలు!

ఎదురింటి ప్లీడరు గారు ఇక్కడే పట్టుకుంటారు. “మాస్టారూ, అందులో జింక జింకలాగే ఉందండీ. మీ తోడిలో జింకేదీ?”

“కచేరీ అయిపోయింది, వెళ్ళిపోయింది” అంటారు మాస్టారు.

ఏడాదికోసారి ప్రదర్శన ఉంటుంది. ఓ అపార్ట్‌మెంటు సెల్లార్లో స్కూటర్లు పక్కకి తీయించి, స్తంభాలకి కాన్వాసులు వేలాడదీస్తారు. వచ్చేవాళ్ళలో రకాలున్నాయి. దూరం నుంచి చూసి దగ్గరికొచ్చి, దగ్గర్నుంచి చూసి దూరం జరిగి, చివరికి ‘లైటింగ్ బాగుంది’ అని వెళ్ళేవాళ్ళు ఒకరకం. మా మనవడు కూడా ఇట్టాగే వేస్తాడని ఫోన్లో ఫొటోలు చూపించేవాళ్ళు ఇంకోరకం. అర్థం చెబితేగానీ కదలనివాళ్ళు మూడోరకం, వీళ్ళే ఎక్కువ. కరుణశ్రీ ఏసీ కాలేజీలో పాఠం చెప్పిన ఊరు కదాని మాస్టారు ‘పుష్పవిలాపం’ వేశారు, ఘంటసాల గొంతు వింటూ. కాన్వాసంతా ఆకుపచ్చ, దాని మీద ఎర్రటి గాట్లు.

“పూలేవండీ?” అనడిగిందో పెద్దావిడ.

“కోయొద్దని అవి బతిమాలుతుంటే తెచ్చి ఇక్కడెలా పెట్టనమ్మా?”

చిత్రకారుడు మాండ్రియన్ 1942–43లో న్యూయార్క్ వీధుల గళ్ళని పసుపు గీతలుగా, ఎరుపు నీలం చతురస్రాలుగా పేర్చి, దానికి బూగీ వూగీ సంగీతం పేరు పెట్టాడు. మన లైన్లూ అడ్డరోడ్లూ ఏం తీసిపోయాయని మాస్టారు తెల్లవారుజాము సుప్రభాతం వింటూ బ్రాడీపేటని గళ్ళుగా వేశారు. దాని ముందు జనం మూగారు. పాట తెలిసిందనుకుని మాస్టారు మురిసిపోతుండగా గుంపులోంచి ఓ గొంతు: “కార్పొరేషనోళ్ళ ప్లానా సార్ ఇది? ఆ ఎర్రగడి మా ఇల్లేనా? రోడ్డు వెడల్పులో పోతుందా?”

పోయిన ప్రదర్శనకి ఆయన పాత శిష్యుడొకడు వచ్చాడు. మామిడికాయ కూడా సరిగ్గా వేయలేక మొట్టికాయలు తిన్న ఘటం, ఇప్పుడు మిర్చి యార్డులో కమీషను వ్యాపారం. అన్నీ తిరిగి ఎర్ర కాన్వాసు ముందు ఆగాడు. అది కోలాటం పాట. ఏం పాటని వాడు అడగలేదు, అర్థమూ అడగలేదు. యార్డులో మచ్చు చూసేటప్పుడు చూసినట్టే ఓ మూల నుంచి కళ్ళతో వెతుక్కుంటూ పోయాడు.

“ఇటువైపంతా బాడిగ మాస్టారూ, రంగెక్కువ, కారం తక్కువ. అటుది తేజ, ఘాటు తెలుస్తా ఉంది. ఈ కింద మూలే...”

“ఏందిరా?”

“తాలు కలిసింది.”

మాస్టారి మొహం కాన్వాసుకి పోటీగా ఎర్రబడింది. నిజానికి సరిగ్గా అక్కడే ఫోను ఛార్జింగు అయిపోయి పాట ఆగిపోయింది. మిగతా మూల పాట లేకుండానే పూడ్చేశారు. ఆ సంగతి ఆయనకీ ఆవిడకీ తప్ప మూడో మనిషికి తెలీదు. డాక్టర్లు, ప్లీడర్లు, లెక్చరర్లు అర్థం కోసం తవ్విపోశారు గానీ ఆ మూల చూడలేదు. మిరపకాయకి అర్థమేంటని యార్డులో ఎవరూ అడగరు మరి. రంగు చూసి రేటు కడతారు.

శిష్యుడు ఆ కాన్వాసు కొన్నాడు. గురువుగారని బేరమాడలేదు గానీ, తాలుకి తరుగు తీశాడు.

ఆ రాత్రి మాస్టారికి నిద్రపట్టలేదు. “వచ్చే ఏడు ప్రదర్శన సెల్లార్లో కాదు, సీజన్లో మిర్చి యార్డులో పెడతాను. చూడ్డం తెలిసినవాళ్ళంతా అక్కడే ఉన్నారు” అన్నారు.

“పెట్టండి. మిర్చి టిక్కీల మధ్య నిలబడితే వచ్చిన ప్రతివాడికీ కళ్ళమ్మట నీళ్ళు కారతాయి” అన్నారావిడ దుప్పటి లాక్కుంటూ. “మీ పాటకే ఏడుస్తున్నారనుకోవచ్చు.”