బ్రోషర్‌లో టిక్కులు చూడకండి, గీతలు చూడండి

"కొంటే టాప్ ఎండే కొనాలి, లేదంటే మానుకోవాలి" అన్న మాట మన ఇళ్ళల్లో వేదవాక్కులా స్థిరపడిపోయింది. బావమరిది అదే చెబుతాడు, ఆఫీసులో పక్క సీటాయన అదే చెబుతాడు, షోరూం కుర్రాడు అందరికంటే ముందు చెబుతాడు. ఇక్కడ నేను చెప్పబోయేవన్నీ దానికి ఎదురు సలహాలు. చదవగానే తప్పుగా తోస్తాయి. అయినా ఒక్కటి కూడా ఊరికే అన్నది కాదు. హ్యుందాయ్ వెర్నా, హోండా సిటీ, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లలో ఏదో ఒకటి తీసుకుందామని ఆదివారం పూట కుటుంబంతో సహా బయల్దేరేవాళ్ళు ఎందుకూ పనికిరానివాటికి డబ్బు పోసి, ప్రాణం కాపాడేవి వదిలేసి రాకూడదన్నదే నా ఆరాటం.

మొట్టమొదటి సలహా: బ్రోషర్‌ని చివరి పేజీ నుంచి చదవండి. సముద్రపు ఒడ్డున మెరిసే కారు బొమ్మలు మీకక్కర్లేదు. చివర్లో సన్నటి అక్షరాలతో వేరియంట్ల పట్టిక ఉంటుంది. అందులో అన్నిటికన్నా కింది రకం వరుస పట్టుకోండి. టిక్కులు వదిలేసి గీతలు చూడండి, అంటే ఆ రకంలో లేనివన్నమాట. ఒక్కో గీత దగ్గర ఆగి, ఇది రేపు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో దొరుకుతుందా అని అడగండి. దొరికేదైతే పెన్సిలుతో కొట్టేయండి. అల్లాయ్ చక్రాలు, వెనక కెమెరా, పెద్ద తెర, మంచి స్పీకర్లు, ఆర్మ్‌రెస్టు అన్నీ దొరుకుతాయి. ఎయిర్‌బ్యాగులు దొరకవు. బండి జారిపోకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే ఈఎస్‌సీ దొరకదు. ఇంజన్, గేర్‌బాక్సు దొరకవు. వెనక సీటు మధ్యలో కూర్చునేవాళ్ళకి భుజం మీంచి వచ్చే బెల్టు దొరకదు. కంపెనీకి అదనంగా కట్టే ప్రతి రూపాయీ ఈ దొరకనివాటికే పోవాలి. బయట బిగించేటప్పుడు మాత్రం వైర్లు కోయనివ్వకండి. కప్లర్‌తో తగిలించే సామానే అడగండి, వారంటీ పేచీ రాదు.

"బేస్ మోడల్లో ఏముంటుందండీ, డొల్ల" అని భయపెడతారు. ఆ రోజులు పోయాయి. 2019 జూలై నుంచి వెనక పార్కింగ్ సెన్సర్లు, సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట, 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా హెచ్చరించే మోత ప్రతి కారులోనూ ఉండాలని ప్రభుత్వమే నిర్బంధం చేసింది. 2023 మార్చిలో కొత్త వెర్నా వచ్చినప్పుడు అన్నిటికన్నా కింది ఈఎక్స్ రకంలో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు. స్లావియాలో ఈఎస్‌సీ మొదటి మెట్టు నుంచే ఉంది.

ఇక లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సైజు సెడాన్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 45 శాతం ఉన్నది 40 శాతానికి దిగింది. "మిగిలిన డబ్బుతో ఒక మెట్టు పైకెక్కండి సార్" అని వెంటనే సలహా వస్తుంది. ఎక్కకండి. రెండు రకాల మధ్య తేడా రెండు లక్షలనుకోండి. తెలంగాణలో పది లక్షల నుంచి ఇరవై లక్షల లోపు కారుకి లైఫ్ ట్యాక్స్ 18 శాతం. ఆ రెండు లక్షల మీద 36 వేలు అక్కడే పోయింది. అప్పు తీసుకుని తొమ్మిది శాతం వడ్డీతో ఏడేళ్ళు కడితే నెలకి 3,200 పైచిలుకు. ఏడేళ్ళకి వడ్డీయే 70 వేలు. కారు ధర ఎక్కువైన కొద్దీ ఏటేటా కట్టే ఇన్సూరెన్సూ పెరుగుతుంది. అంటే రెండు లక్షల మెట్టు మీకు మూడు లక్షలు దాటి పడుతోంది. బంగారం కొనేటప్పుడు తరుగెంత, మజూరీ ఎంత అని గ్రాము గ్రాముకీ నిలదీసే మనం, ఇక్కడ మాత్రం ఎక్స్-షోరూం ధర ఒక్కటే చూసి తలూపేస్తాం. ఆన్-రోడ్ కొటేషన్లు రెండు రకాలకీ రాయించుకుని, పక్కపక్కన పెట్టి, తేడా మొత్తానికి ఏమేం వస్తున్నాయో మీ చేత్తో రాసుకోండి.

పై రకం ప్రతిదాంట్లోనూ మెరుగన్న నమ్మకం కూడా వదిలేయండి. కింది రకం వెర్నాకి 15 అంగుళాల చక్రం మీద 185/65 టైరు, పై రకానికి 16 అంగుళాల మీద 205/55. మొదటిదాని పక్కగోడ ఎత్తు దాదాపు 120 మిల్లీమీటర్లు, రెండోదానిది 113. అందంగా కనిపించే చక్రానికి గుంతలో దెబ్బ మింగే రబ్బరు తక్కువ. వానాకాలం తర్వాత మన రోడ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. అదే కారు 2023లో వచ్చినప్పుడు, మధ్య రకాల్లోని 8 అంగుళాల తెరకి ఫోన్ వైరు లేకుండానే కలిసేది, ఖరీదైన రకంలోని 10.25 అంగుళాల తెరకి వైరు తగిలించాల్సి వచ్చేది. స్లావియా కింది రకంలో ఏసీకి తిప్పే మరలున్నాయి, పై రకాల్లో నున్నటి టచ్ పలక. బండి నడుపుతూ ఆ పలక మీద చల్లదనం పెంచాలంటే కళ్ళు రోడ్డు మీంచి తిప్పాలి, మర అయితే చెయ్యే వెతుక్కుంటుంది. ఈ విషయంలో హోండా సిటీ నాకు నచ్చింది, ఏసీకి మరలే ఉంచారు. షోరూంలో కూర్చోగానే తెర ఆపేయించండి. పాటలు, రంగుదీపాలు అన్నీ ఆగిపోయాక మిగిలేది కారు. అప్పుడు సీటు తొడకి ఆనుతోందా, అద్దాల్లో పక్క బైకు కనిపిస్తోందా, ముందు స్తంభం మలుపుని కప్పేస్తోందా చూసుకోండి.

షోరూంకి చల్లటి సాయంత్రం వెళ్ళొద్దు. మేలో మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి. ఎండలో నిలబెట్టిన టెస్ట్ డ్రైవ్ కారే ఇమ్మనండి. సన్‌రూఫ్ అందం ఆ వేళ తెలిసిపోతుంది. విజయవాడలో, రామగుండంలో ఉండేవాళ్ళకి నడినెత్తిన అద్దం ఎందుకో నాకు అర్థం కాదు. దాని చుట్టూ ఉండే నీటి దారులు వేపాకులతో పూడుకుంటే వాన నీళ్ళు లోపలికే దిగుతాయి. పిల్లలు అందులోంచి తలబయటపెట్టి నిలబడటం చూసినప్పుడల్లా నా గుండె ఆగినంత పనవుతుంది. దానికి బదులు వెనక ఏసీ గొట్టాలున్నాయా, వెనకవాళ్ళకి ఎంతసేపటికి చల్లబడుతోంది, ఇది గడియారం పెట్టుకుని చూడండి. ముందు సీట్లకి గాలి వదిలే ఏర్పాటు పై రకంలోనే వస్తుంది. కోస్తా ఉక్కలో రోజూ రెండు మూడు గంటలు నడిపేవాళ్ళు దానికోసం పైకెక్కితే నేను తప్పుపట్టను.

కారు ఎంచుకునేది నడిపేవాడు కాకూడదు. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళని తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టండి. సెడాన్ కిందికి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ చీరకట్టుతో లోపలికి వంగి ఎక్కి, మళ్ళీ ఏ ఆసరా లేకుండా దిగగలగాలి. రెండుసార్లు ఎక్కించి దింపించండి. ఆవిడ "వద్దురా" అంటే ఆ మాటే ఆఖరు. నాన్నగారి తల పైకప్పుకి తగిలితే అదీ అంతే. అలాగే సూట్‌కేసులు పట్టుకెళ్ళండి. అమెరికా వెళ్ళే పిల్లల్ని శంషాబాద్‌లో దింపే ఇళ్ళల్లో 23 కిలోల పెద్ద పెట్టెలు రెండు తప్పవు. వెర్నా డిక్కీ 528 లీటర్లు, స్లావియాది 521, పెట్రోలు సిటీది 506. సిటీ హైబ్రిడ్‌లో బ్యాటరీకి చోటిచ్చినందువల్ల 306 లీటర్లే మిగులుతుంది. లీటరుకి 27 కిలోమీటర్ల అధికారిక మైలేజీ చూసి మురిసే ముందు ఆ డిక్కీలో మీ పెట్టెలు పెట్టి మూత వేసి చూడాలి. షోరూం వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

టెస్ట్ డ్రైవ్ ఒక్కరే చేయకండి. ఐదుగురు ఎక్కి, స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు వెతికి తీసుకెళ్ళండి. నిండా బరువుతో అడుగు రాసుకుంటోందేమో అప్పుడే తెలుస్తుంది. ఇంకోసారి రాత్రి తీసుకెళ్ళండి. హెడ్‌లైట్లు రకాన్ని బట్టి మారతాయి, కిందివాటిలో హాలోజెన్, పైవాటిలో ఎల్‌ఈడీ. హాలోజెన్ గూట్లో బజారు ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళల్లో పడుతుంది, అది వాళ్ళ ప్రాణంతో చెలగాటం. విజయవాడ హైవే మీద తరచూ రాత్రిళ్ళు వెళ్ళేవాళ్ళు మంచి హెడ్‌లైట్లున్న మెట్టు ఎక్కండి. డబ్బుకి తగిన మెట్టు అది.

ఇంజన్ సంగతి తేలిక. టాప్ ఎండ్‌లో మామూలు ఇంజన్, మధ్య రకంలో టర్బో ఇంజన్ దగ్గర దగ్గర ధరలో ఉంటే మధ్య రకమే తీసుకోండి. వెర్నాలో మామూలు 1.5 లీటర్ ఇంజన్ 115 పీఎస్, టర్బో 160 పీఎస్. ఇంజన్‌ని తర్వాత మార్చుకోలేరు. ఊరు దాటని బండైతే మామూలుదే చాలు.

ఇప్పుడు అడాస్, అంటే నడపడంలో డ్రైవరుకి సాయపడే ఏర్పాటు. షోరూంలో అందరికన్నా గట్టిగా అమ్మేది దీన్నే. వెర్నాలో ఇది ఎస్‌ఎక్స్ ఆప్షనల్ అనే పై మెట్టులోనే ఇచ్చారు. హోండా 2023 మార్పుల్లో ఒక్క కింది రకం ఎస్‌వీ తప్ప మిగతా రకాలన్నిటికీ ఇచ్చింది. స్లావియా, వర్టస్ వచ్చినప్పుడు వాటిలో లేనే లేదు. సిటీలో అద్దం వెనకున్న ఒక కెమెరాయే అంతా చూస్తుంది, వెర్నాలో దానికి రాడార్ తోడు. ముందు బండి హఠాత్తుగా ఆగితే బ్రేకు వేయడం, గీత దాటితే స్టీరింగ్‌ని వెనక్కి లాగడం దీని పని. ఆ గీతలు రోడ్డు మీద ఉండాలి గదా! హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా గీతలున్నాయి, బైకులకి ప్రవేశం లేదు. అక్కడ దీనికి అర్థముంది. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టరూ, డివైడర్ సందులోంచి దూకే గేదే ఉన్న జిల్లా రోడ్డు మీద దీన్ని నమ్ముకుని కళ్ళు తిప్పేవాడు తనవాళ్ళని ప్రమాదంలో పెడుతున్నాడు.

నెలకి నాలుగైదుసార్లు హైవే ఎక్కనివాళ్ళు అడాస్ కోసం టాప్ ఎండ్‌కి పోవద్దన్నది నా తీర్పు. రెండో మెట్టులోనే దొరికే కారైతే తీసుకోవచ్చు. తీసుకుంటే మాత్రం దాని ఖర్చూ తెలుసుకోవాలి. ముందు అద్దం పగిలి మార్చితే కెమెరాని మళ్ళీ సరిచేయించాలి. అద్దానికి కొటేషన్ ఎంతో కొనేముందే సర్వీసు కౌంటర్‌లో రాయించుకోండి. బంపర్ ముందు ఇనుప గార్డు బిగించొద్దు. 2017 డిసెంబరు నుంచి అవి నిషేధం, పైగా రాడార్ ఉన్న బండిలో దాని చూపుకి అడ్డు.

కారుని ఢీకొట్టించి చేసే భద్రతా పరీక్షల్లో వచ్చిన నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో స్లావియా, వర్టస్‌లకి 2023 ఏప్రిల్‌లో, వెర్నాకి అక్టోబరులో ఐదేసి నక్షత్రాలు వచ్చాయి. కానీ నివేదికలో మొదటి రెండింటి బాడీ స్థిరమని, వెర్నా బాడీ అస్థిరమని ఉంది. నక్షత్రాల లెక్క ఒకటే అయినా ఢీకొన్న తర్వాత గూడు నిలబడే తీరు వేరు. ఆ నివేదిక మీ ఫోన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, ఐదు నిమిషాల పని. సన్‌రూఫ్ గురించి వారం రోజులు ఇంట్లో చర్చించుకుంటాం, దీనికి ఐదు నిమిషాలు ఇవ్వలేమా?

కారు ఇంటికొచ్చాక మనమే చేసే తప్పులు రెండున్నాయి. డబ్బు పోసి కొన్న ఎయిర్‌బ్యాగుల్ని మనమే పాడుచేసుకుంటాం. పక్క ఎయిర్‌బ్యాగులు ముందు సీట్ల అంచుల్లోంచి తెరుచుకుంటాయి. అక్కడ కుట్టు విప్పుకోని మందపాటి రెగ్జిన్ కవరు బిగిస్తే బ్యాగు బయటికి రాదు. కవర్లే వేయించుకోవద్దు, తప్పదంటే ఎయిర్‌బ్యాగ్ దగ్గర వదులు కుట్టున్నవే అడగండి. రెండోది చెప్పడానికి నాకు మనసొప్పదు, అయినా చెప్పాలి. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ మూతపై దేవుడి విగ్రహం అంటించొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న క్షణంలో ఆ విగ్రహం ముందు సీట్లో ఉన్నవాళ్ళ ముఖానికి తగులుతుంది. స్వామిని గ్లవ్ బాక్సులో చిన్న పటంగా పెట్టుకోండి, భక్తి ఎక్కడికీ పోదు.

ఒక మెట్టు కిందికి దిగి మిగుల్చుకున్న డబ్బులో మొదటి ఖర్చు పిల్లల సీటే కావాలి. పసివాళ్ళని ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ఎంత ముద్దుగా ఉన్నా, బ్రేకు పడ్డప్పుడు ఏ తల్లి చేతులూ ఆ వేగాన్ని ఆపలేవు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ తగిన సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బీ సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది, అడిగేవాళ్ళే తక్కువ. ఆ సీటుని తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు వెనక సీటు మడతలో ఉంటాయి, ఈ సెడాన్ల కింది రకాల్లో కూడా. డెలివరీ రోజున కొబ్బరికాయతో పాటు ఆ సీటు కూడా వెంట తీసుకెళ్ళండి, షోరూంలోనే బిగించి పాపని అందులో కూర్చోబెట్టి ఇంటికి తీసుకురండి.