మార్చే ముందు సర్దకండి

ఇంటి కాగితాలన్నీ స్కాన్ చేసి ఒక సాఫ్ట్‌వేర్‌లో దాచుకున్నవాళ్లు, అది పాతబడి కొత్తదానికి మారాల్సి వచ్చినప్పుడు అందరి నోటా ఒకే సలహా వింటారు. ముందు అంతా శుభ్రం చేసుకోండి, రెండేసి ఉన్నవి తీసేయండి, ఫైళ్ల పేర్లన్నీ ఒక పద్ధతిలోకి తెచ్చుకోండి, ఆ తర్వాతే మార్చండి అంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఏదీ సర్దకండి. ఒక్క పేరూ మార్చకండి. ‘న్యూ ఫోల్డర్ 3’ అలాగే వెళ్లాలి, ‘నాన్న ముఖ్యం ఫైనల్ 2’ కూడా అలాగే వెళ్లాలి. కంప్యూటర్ బాగా వచ్చినవాళ్లకు ఇది మొండితనంగా కనిపిస్తుందని తెలుసు. నేను చెప్పబోయే మిగతా సలహాలూ చాలావరకు అలాంటివే. పోతే తిరిగి రాని కాగితాల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి కాస్త ఓపికపట్టి చదవమని అడుగుతున్నాను.

సర్దడం ఒక పని, తరలించడం ఇంకో పని. రెండూ ఒకేసారి పెట్టుకుంటే, రేపు ఒక దస్తావేజు కనబడనప్పుడు దాన్ని మీరే తీసేశారా, సాఫ్ట్‌వేర్ మింగేసిందా అన్నది ఎప్పటికీ తేలదు. ఉన్నది ఉన్నట్టు తరలిస్తే పాతదాంట్లో ఎన్ని ఉన్నాయో కొత్తదాంట్లోనూ అన్నే ఉండాలి. తేడా వచ్చిందంటే అది దారిలో వచ్చిందే, వెంటనే వెతకొచ్చు.

రెండేసి ఉన్నాయనుకునే వాటి జోలికి అసలే పోవద్దు. ఒకే క్రయ దస్తావేజుకు రెండు స్కాన్లు ఉన్నాయంటే, చాలాసార్లు ఒకదాంట్లో ముందు పేజీలే ఉంటాయి. రెండోది బ్యాంకు లోను కోసం ఎవరో వెనక పేజీలతో సహా తీయించినది. సబ్‌రిజిస్ట్రార్ ముద్రలు, వేలిముద్రలు ఉండేది స్టాంపు కాగితాల వెనకవైపునే కదా. మొదటి పేజీ పోలిక చూసి నకలు అని తేల్చేసే ప్రోగ్రాములకు ఈ సంగతి తెలియదు. రెండు ఫైళ్ల హ్యాష్ విలువ, అంటే ఫైలు మొత్తం నుంచి లెక్కగట్టే గుర్తు, అక్షరం పొల్లుపోకుండా ఒకటైతేనే అవి నకళ్లు. విండోస్‌లో సర్టుటిల్ ఆదేశంతో ఆ విలువ ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక ఎక్సెల్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, మన కాగితాలకు జరిగే నష్టంలో పెద్ద భాగం ఇక్కడే జరుగుతుంది కాబట్టి. పాత సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న జాబితాను మామూలుగా సీఎస్‌వీ ఫైలుగా ఇస్తుంది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో గళ్లుగళ్లుగా తెరుచుకుంటుంది. ఒకసారి చూసుకుని, సేవ్ కొట్టి, కొత్తదాంట్లోకి ఎక్కించండి అని చెప్పేవాళ్లే అందరూ. ఆ చూసుకోవడంలోనే ప్రమాదం ఉంది. సర్వే నంబరు 12/3 మన దేశపు సెట్టింగుల్లో మార్చి 12 అయిపోతుంది. దస్తావేజు నంబరు 11/1985 అయితే 1985 నవంబరు అవుతుంది. హైదరాబాదులో ఇంటి నంబరు 3-6-12 ఒక జూన్ నెల తేదీగా మారుతుంది. 145/2 మాత్రం ఏ తేదీకీ సరిపోదు కాబట్టి క్షేమంగా ఉంటుంది. పైపైన నాలుగు వరుసలు చూసి అంతా బాగుందనుకోవడానికి ఇలాంటివే కారణం. ఖాతా నంబరు ముందున్న సున్నాలు పోతాయి. పన్నెండు అంకెల ఆధార్ నంబరు మధ్యలో ‘ఈ’ అక్షరంతో కుదించుకుపోయి కనిపిస్తుంది, ఆ రూపంలోనే సీఎస్‌వీగా సేవ్ అయితే అసలు అంకెలు ఇక ఉండవు. ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుంచుకోదు, పదహారో అంకె ఏదైనా సున్నాయే. వీటన్నిటి మీదా, మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మిగులుతాయి. ప్రశ్నార్థకాల నుంచి పేరును వెనక్కి తెచ్చే దారి ఏదీ లేదు.

ఇది మనలాంటివాళ్లకే వచ్చిన కష్టమేమీ కాదు. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ, కొన్ని పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో ఏకంగా ఆ పేర్లనే మార్చుకుంది. మనం సర్వే నంబర్లు మార్చుకోలేం. కాబట్టి ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. కళ్లకు ఇంపుగా ఉండదు, గళ్లుండవు, కామాలు కనిపిస్తాయి. అదే దాని అసలు రూపం. ఎక్సెల్ తప్పనిసరి అయితే డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుంటూ ప్రతి నిలువు వరుసనూ టెక్స్ట్ అని చెప్పాలి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలి. ఎవరెంత తొందరపెట్టినా ఈ రెండూ వదలకండి.

పాతికేళ్ల కిందట మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో జాబితాలు చేసుకున్నవాళ్ల పరిస్థితి ఇంకాస్త చిక్కు. యాక్సెస్ 97లో చేసిన ఫైలును యాక్సెస్ 2013, ఆ తర్వాతివి తెరవవు. 2010 వెర్షన్ ఉన్న కంప్యూటర్ దొరికితే అందులో తెరిచి కొత్త రూపంలోకి మార్చుకోవచ్చు. అయితే యాక్సెస్ 97కు యూనికోడ్ తెలియదు. అందులో తెలుగు కనిపించిందంటే అది అను, శ్రీలిపి లాంటి ఫాంట్ల పుణ్యమే. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఫైలు విజయవంతంగా మారింది అని సందేశం వస్తుంది, తెరిస్తే తాతగారి పేరు స్థానంలో అర్థంలేని గుర్తులు ఉంటాయి. అప్పుడు చాలామంది చేసే పని, యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము ఒకటి తెచ్చి, పాత గడిలోనే కొత్త అక్షరాలు నింపడం. అది చేయకండి. పాత గడిని ముట్టుకోకుండా పక్కన ఇంకో గడి పెట్టి, యూనికోడ్ రూపం అందులో రాయించండి. ఆ ప్రోగ్రాములు ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తడబడతాయి. ఇంటిపేరులో ఒక ఒత్తు మారితే వారసత్వ కాగితాల్లో అది వేరే మనిషి అవుతుంది. పాత గడి ఉంటేనే ఏది సరైనదో తేల్చుకోగలం. పాత ఫాంటు ఫైలును కూడా జాబితాతో పాటే దాచండి. దానికి కాలం చెల్లిందని తీసేస్తే ఆ గుర్తులను చదివే సాధనమే పోతుంది.

ఫైళ్ల పేర్లు వివరంగా, తెలుగులో, పొడవుగా పెట్టుకోమనే సలహా కూడా ఆలోచించి పాటించాలి. విండోస్‌లో ఒక ఫైలు పేరుకు 255 అక్షరాల స్థలం ఉంటుంది. ఇంట్లో పెట్టుకునే నెట్‌వర్క్ డిస్కులు ఎక్కువగా లినక్స్‌తో నడుస్తాయి, అక్కడ లెక్క 255 బైట్లు. తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లు మూడేసి బైట్లు. ‘రిజిస్ట్రేషన్’ అన్న ఒక్క మాటకే 39 బైట్లు ఖర్చు. 85 గుర్తులు దాటిన తెలుగు పేరున్న ఫైలు ఆ డిస్కులోకి ఎక్కదు. వందల ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడు ఏది ఆగిపోయిందో గమనించేవాళ్లు తక్కువ. పేరు పొట్టిగా ఉంచి వివరమంతా నోట్స్‌లో రాసుకోవడం మేలు, అదీ కొత్త ఫైళ్లకే. పాత పొడవు పేర్లు ముందుగా ఒక జాబితాలోకి ఎక్కాకే కుదించాలి.

సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అందరూ అది ఏమేం చేయగలదో చూస్తారు. మీరు అందులోంచి బయటపడటం ఎలాగో చూడండి. మొదటి రోజే పది కాగితాలు ఎక్కించి, వాటికి తేదీలు, నోట్స్ రాసి, అదే రోజు మొత్తం బయటికి తీయండి. మీరు రాసిన మాటలు మామూలు నోట్‌ప్యాడ్‌లో చదవగలిగేలా రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా వద్దు. ఫొటోలు సర్దుకునే పికాసాను గూగుల్ 2016లో ఆపేసింది. జేపెగ్ ఫొటోల కింద రాసుకున్న వ్యాఖ్యలు ఫొటోలోనే ఉండిపోయాయి కాబట్టి బతికాయి. ఎవరి ముఖం ఎవరిదని గుర్తుపెట్టిన పేర్లు చాలామందికి ప్రతి ఫోల్డరులోనూ కనిపించకుండా ఉండే ఒక చిన్న ఫైలులో ఉండిపోయాయి. ఫొటోలు మాత్రమే ఎంచుకుని కాపీ చేసుకున్న ఇళ్లలో ఆ పేర్లు పోయాయి. ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగి పెట్టిన పేర్లు అవి.

కాగితాలు దాచే పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు సొంతంగా నడుపుకునేవాళ్లకు ఒక్క మాట. కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేసుకోకండి, దానంతటదే మారే ఏర్పాటు తీసేయండి. దాని కింద ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఒక పెద్ద వెర్షన్ దాటితే పాత డేటా ఫోల్డరును తెరవనే తెరవదు. పాత వెర్షన్ నడుస్తుండగానే డంప్, అంటే డేటా మొత్తానికి ఒక నకలు, తీసి పెట్టుకోవాలి. ఆలస్యం చేస్తే భద్రత సంగతేమిటని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఇంటి దస్తావేజులున్న యంత్రాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకపోవడమే నా జవాబు.

అంతా మారాక పరీక్ష ఎవరు చేయాలి? మార్చిన మేనల్లుడో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అల్లుడో చేయకూడదు. వాళ్లకు ఏ పేరుతో వెతికితే దొరుకుతుందో ముందే తెలుసు. అమ్మను కూర్చోబెట్టి వెతికించండి. టైపు మీరు చేయండి, మాటలు ఆవిడవి. ఆవిడ ‘చింతచెట్టు పొలం’ అంటుంది. ‘చెల్లి పెళ్లప్పుడు అమ్మిన స్థలం’ అంటుంది. ‘మీ తాత పేరు తప్పుపడిన పాసుపుస్తకం’ అంటుంది. ఏదీ దొరకదు, ఎందుకంటే మీరు సర్వే నంబరు, సంవత్సరం మాత్రమే రాశారు. దొరకని ప్రతిసారీ ఆవిడ అన్న మాటను అన్నట్టుగా ఆ కాగితం నోట్స్‌లో చేర్చండి. ఓసీఆర్ ఉంది కదా, అదే చదువుకుంటుంది అనుకోవద్దు. ఇలాంటి చాలా సాఫ్ట్‌వేర్లలో ఓసీఆర్ భాష మొదట ఇంగ్లీషుగానే ఉంటుంది, తెలుగు విడిగా చేర్చకపోతే తెలుగు పేజీ మొత్తం చెత్తగా నమోదవుతుంది. చేర్చినా, చేతిరాత దస్తావేజుల దగ్గర దానికి దిక్కు తోచదు. అమ్మ చెప్పిన ఆ నాలుగు మాటలే వాటిని చేరే దారి. ఆ దారి అవసరం ఎప్పుడైనా పడొచ్చు. తెలంగాణలో భూమి రికార్డులు 2020లో ధరణి పోర్టల్‌కు, 2025లో భూభారతికి మారాయి. ఇలా మారినప్పుడల్లా పేరో విస్తీర్ణమో తేడా వచ్చినవాళ్లు పాత పహాణీలు, పాసుపుస్తకాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. ఆ రోజున ఏ కాగితం దేనికి సంబంధించిందో చెప్పగలిగిన మనిషి పక్కన ఉండకపోవచ్చు. అందుకే అమ్మ మాటలు రాసుకునే ఈ పనిని మార్పు అవగానే, వాయిదా వేయకుండా చేయమని వేడుకుంటున్నాను.

పాత కంప్యూటర్‌ను, పాత సాఫ్ట్‌వేర్‌ను నెల తర్వాత తీసేయొచ్చని అంటారు. కనీసం ఒక ఏడాది ఉంచండి. ఇంటి కాగితాల అవసరం ఏడాదికోసారి తిరిగి వస్తుంది. జూన్‌లో పిల్లల సర్టిఫికెట్లు, జూలైలో ఆదాయపు పన్ను, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్, మధ్యలో ఎప్పుడో ఇంటి పన్ను, బీమా. మార్చిలో మార్చినవాళ్లకు ఏం పోయిందో నవంబరులో గాని తెలియకపోవచ్చు. పాత కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10 అయితే, దానికి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది కాబట్టి ఆ యంత్రానికి నెట్ తీసేయండి. నెలకోసారి ఆన్ చేయండి చాలు. ఈ ఏడాదిలో కొత్తదాంట్లో కనబడనిది ఏదైనా పాతదాంట్లో దొరికితే ఆ ఒక్క కాగితం తెచ్చుకుని ఊరుకోకండి. దానితో పాటు అదే రోజు, అదే ఫోల్డరులో ఉన్నవన్నీ చూడండి. తప్పిపోయినవి సాధారణంగా ఒక గుంపుగానే తప్పిపోతాయి.

ఆ ఏడాది గడిచాక సర్దుకోండి. అప్పుడు కూడా తీసేసేవాటిని చెరిపేయకుండా విడిగా ఒక డిస్కులో పెట్టండి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఫైళ్లు ఎక్కడున్నాయి, బయటికి ఎలా తీయాలి అన్నది ఒక పేజీలో తెలుగులో రాసి, ప్రింటు తీసి, బీరువాలో లింకు డాక్యుమెంట్లున్న కవరులోనే ఉంచండి. ఒరిజినల్స్ కూడా అక్కడే ఉండాలి, బ్యాంకువాళ్లు లోను ఇచ్చేటప్పుడు అడిగేది వాటినే.