ముక్కు లేని తోతాపురి

(హోసూరు, బాగలూరు రోడ్డులో ఒక ఫ్లెక్సీ దుకాణం. పాత్రలు: దుకాణదారు తొందరప్ప; రోజూ ఎలక్ట్రానిక్ సిటీకి పోయి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రవాడు ఉచితప్ప; రిటైరైన తెలుగు పంతులు అనుమానయ్యవారు; అడగకపోయినా మాట్లాడే వ్యాసకర్త.)

తొందరప్ప: ఏమప్పా, పొద్దున్నుంచి ఆ నల్ల కిటికీలో ఏందేందో ఇంగ్లీషు పాకతా ఉండాది. కృష్ణగిరి మామిడి మండీ వాళ్ళకు సాయంకాలానికి ఫ్లెక్సీ కావల్ల. నీ బొమ్మల యంత్రం ఎప్పుడు లేస్తాది?

ఉచితప్ప: లేచిందన్నా. పైథాన్ 3.10.6 వేసినా. అంతకంటే కొత్తది వేస్తే మొండికేస్తాది. గిట్ వేసి, ఆటోమాటిక్1111 వాళ్ళ వెబ్ యూఐ దించినా. స్టేబుల్ డిఫ్యూజన్ మోడల్ ఫైలు ఒక్కటే 4 జీబీ. ఇంక బ్రౌజరులో 127.0.0.1:7860 అని కొట్టేదే. నెల చందా లేదు, బొమ్మకింత అని లేదు. అంతా ఉచితం!

అనుమానయ్యవారు: ఆ నంబరు ఏ దేశానిది నాయనా?

ఉచితప్ప: ఈ పెట్టెదే అయ్యవారూ. బ్రౌజరులో కనిపిస్తాది గాని, ఒకసారి అన్నీ దించుకున్నాక నెట్ తీసేసినా నడుస్తాది.

తొందరప్ప: గ్రాఫిక్స్ కార్డుకు నేను పోసిన దుడ్డు ఎవరి లెక్కలో ఉచితమో! సరే కొట్టు. గంపనిండా తోతాపురి మామిడికాయలు, వెనక కృష్ణగిరి తోట.

(తెర మీద ఎర్రబుగ్గల గుండ్రటి కాయలు. వాటి వెనక కొబ్బరిచెట్లు, నీలిసముద్రం.)

తొందరప్ప: తోతాపురికి కొనన ఉండే ముక్కు యాడ? మండీ వాళ్ళు చూస్తే ఆపిలు పండంటారు. కృష్ణగిరికి సముద్రం ఎప్పుడొచ్చె?

ఉచితప్ప: ప్రాంప్ట్ చాల్లేదన్నా. 'మాస్టర్‌పీస్, బెస్ట్ క్వాలిటీ, 8కే' అని తగిలిస్తా. నెగటివ్ ప్రాంప్ట్‌లో సముద్రాన్ని రాసేస్తా. స్టెప్పులు 20 నుంచి 80కి పెంచుతా.

వ్యాసకర్త: పెంచు, కాయ ఇంకా మెరుస్తుంది. ముక్కు మాత్రం మొలవదు. ఈ తెర మీద తిప్పడానికి మీటలు బోలెడు: శాంప్లర్, సీఎఫ్‌జీ, సీడ్, కొలతలు. యంత్రం ఇదివరకే నేర్చుకున్నదాన్ని ఎలా బయటికి తీయాలో చెప్పేవే అవన్నీ. ఏం నేర్చుకుందన్నది 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ జనంలోకి వచ్చేనాటికే తేలిపోయింది. మ్యూనిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రన్‌వే, స్టెబిలిటీ ఏఐ చేతులు కలిపి చేసిన ఆ మోడల్ చదువుకున్నది లయాన్ అనే భారీ పోగులోంచి. లయాన్-5బిలో 585 కోట్ల బొమ్మల జాబితా ఉంది, ఒక్కో బొమ్మకూ పక్కన ఒక రాత. ఆ రాతలేవీ చదువు చెప్పాలని ఎవరో కూర్చుని రాసినవి కావు. వెబ్ పేజీలో బొమ్మ తెరుచుకోకపోతే దాని బదులు కనబడాలని పెట్టే చిన్న వాక్యాలను ఏరి పోగేశారు. వాటిలో ఇంగ్లీషు రాత ఉన్న సుమారు 230 కోట్ల బొమ్మల భాగమే మొదటి మోడల్‌కు పాఠం. కాబట్టి ఒక కాయ తోటల్లో ఎంత కాస్తుందన్నది ఇక్కడ లెక్కకు రాదు. ఇంగ్లీషు రాతతో వెబ్‌లో ఎన్నిసార్లు కనబడిందన్నదే లెక్క. గుజ్జు ఫ్యాక్టరీకి లారీల్లో పోయే తోతాపురికి ముస్తాబు చేసి ఫొటో తీసేదెవరు? తీసినా కింద 'మ్యాంగో' అని రాసి ఊరుకుంటారు. విదేశీ సూపర్ మార్కెట్ కాయకూ, రిసార్టు ప్రకటనకూ ఆ కరువు లేదు. మీ సముద్రం వచ్చింది అక్కడినుంచే అనుకోవాలి.

ఉచితప్ప: పోనీ, తెలుగులోనే అడిగితే?

వ్యాసకర్త: అడిగి చూడు, వినోదానికి. నీ మాటను యంత్రానికి అందించేది క్లిప్ అనే భాగం. అది ఇంగ్లీషు రాతల మీద పెరిగింది, ఒక విడతకు 75 ముక్కలే మింగుతుంది. కంప్యూటరులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు. దాని పదకోశంలో మన మాటలు లేవు గనుక అవి పొడిపొడిగా విరిగిపోతాయి. తోట వర్ణన మొదలయ్యేలోపే చోటు నిండుతుంది, నిండినా దానికి అర్థమయ్యేది దాదాపు శూన్యం.

అనుమానయ్యవారు: మంచిదే కదా! ఆ 585 కోట్ల బొమ్మలూ అడగకుండా ఏరుకున్నవేనాయె. దొంగ మన ఇంటికి రాలేదని ఏడ్చేవాడు ఉంటాడా? మన తోతాపురి వాళ్ళ చేతికి చిక్కలేదని సంతోషించండి.

వ్యాసకర్త: అయ్యవారి అభ్యంతరం నవ్వి దాటేసేది కాదు. 2023 జనవరిలో అమెరికాలో చిత్రకారులు ఈ సంగతి మీదే దావా వేశారు. ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ సంస్థ అమెరికాలోనూ లండన్‌లోనూ కోర్టుకెక్కింది. తన వాటర్‌మార్కును పోలిన మచ్చలు యంత్రం గీసిన బొమ్మల్లో కనబడటం దాని ఫిర్యాదుల్లో ఒకటి. 2025 నవంబరులో లండన్ హైకోర్టు, మోడల్ ఫైలు తనంతట తాను బొమ్మలకు నకలు కాదంది. వాటర్‌మార్కు విషయంలో కొద్దిమేరకే గెట్టీ పక్షాన నిలిచింది. శిక్షణ బ్రిటన్‌లో జరిగినట్టు రుజువు లేక ఆ వాదనను గెట్టీయే మధ్యలో వదులుకుంది. అంటే, అడగకుండా ఏరడం న్యాయమా అన్న అసలు ప్రశ్న అక్కడ తీర్పుదాకా రాలేదు. ఈ బాకీ తీరిందని నేననను. అయితే అయ్యవారి ముగింపును ఒప్పుకోలేను. మనం లేనంత మాత్రాన మన చోటు ఖాళీగా ఉండదు, అందులోకి ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. ఇవాళ తోతాపురి పేరు కింద ముక్కు లేని కాయ. రేపు చంద్రచూడేశ్వరస్వామి తేరు అని రాసి, దాని మీద ఏ బ్యాంకాక్ గోపురమో. ఆ ఫ్లెక్సీని ఎవరో ఫొటో తీసి కింద 'హోసూరు తేరు' అని రాసి నెట్‌లో పెడతారు. రేపటి యంత్రం దాన్నే సాక్ష్యంగా చదువుకుంటుంది. దూరంగా ఉండి మనం కాపాడుకున్నదేమిటి?

తొందరప్ప: ఇంత పురాణమెందుకు సారూ? ఇప్పుడు ఫోన్లో యాప్‌లు ఉండాయి. తెలుగులో చెప్పినా నిమిషంలో గీసిస్తాయి. ఈ పాత యంత్రం కట్టి పారేద్దాం.

వ్యాసకర్త: నిజమే, 2022 నాటి మోడల్ కన్నా ఇప్పటివి చాలా మెరుగు. వాటిని అడిగితే ఈసారి ముక్కు రావచ్చు కూడా. రాకపోతే? మాట మార్చి మళ్ళీ అడగాలి, దాని ముందు ఒక ఫొటో పెట్టి బతిమాలాలి. ఇంకో బొమ్మకు మళ్ళీ అదే తంతు. దాని చదువు మాత్రం కంపెనీ చేతిలోనే ఉంటుంది. నా వాదనంతా ఇక్కడే ఉంది: ఉచితప్ప తెచ్చిన యంత్రం విలువ ఉచితంలో లేదు, దానికి మనం చదువు చెప్పగలగడంలో ఉంది. లోరా అనే పద్ధతి ఉంది. 2021లో భాషా మోడళ్ల కోసం పుట్టింది, తర్వాత బొమ్మల మోడళ్లకూ వచ్చింది. 4 జీబీ మూల ఫైలును ముట్టుకోకుండా, దాని పక్కన ఒక చిన్న ఫైలు తయారుచేస్తారు. ఇరవై ముప్పై ఫొటోలు కావాలి: కాయ పక్కనుంచి, ముక్కు దగ్గరినుంచి, చెట్టు మీద, గంపలో, మండీలో కుప్పగా. ఒక్కో ఫొటోకు అందులో ఏముందో నిజాయితీగా ఒక వాక్యం. 8 జీబీ కార్డు మీద కొన్ని గంటల పని. ఆ ఫైలును లోరా ఫోల్డరులో పెట్టి ప్రాంప్ట్‌లో పేరు పిలిస్తే చాలు. ఇన్‌స్టాలేషన్ ఒక పూట అవస్థ, అంతే. కష్టమంతా ఫొటోల్లో, వాక్యాల్లో ఉంది. విచిత్రమేమంటే ఆ పనికి సాఫ్ట్‌వేర్ తెలిసినవాడి కన్నా కాయ తెలిసినవాడే ఎక్కువ కావాలి.

ఉచితప్ప: అంత శ్రమ ఎందుకు సార్, నెట్‌లో వేలకు వేలు లోరాలు ఉండాయి. ఉచితంగా!

వ్యాసకర్త: ఉన్నాయి. జపాను కార్టూను అమ్మాయిల ముఖాలకు అక్కడ కొదవే లేదు. కృష్ణగిరి కాయ దొరికితే నాకూ చెప్పు. దించేటప్పుడు సేఫ్‌టెన్సర్స్ ఫైలు చూసి దించు. పాత సీకేపీటీ ఫైళ్లలో బొమ్మల చదువుతో పాటు ఎవడో దాచిన ప్రోగ్రాం కూడా నీ కంప్యూటరులో నడవవచ్చు.

తొందరప్ప: ఒక మాట అడుగుతా సారూ. ముప్పై ఫొటోలు తీసేదే అయితే, దాంట్లో మంచిది ఒకటి ఫ్లెక్సీ మీద వేస్తే పోలేదా?

వ్యాసకర్త: (కాసేపు ఆగి) పోయింది. మీ మండీ ఫ్లెక్సీకి ఫొటోను మించింది లేదు. కళ్ళెదుట ఉన్నదాన్ని ఊహించమని యంత్రాన్ని అడగడమే అనవసరం. కెమెరాకు దొరకనిదాని దగ్గరే దీని అవసరం. మల్లచంద్రం గుట్ట మీద బండలు నిలబెట్టి సమాధులు కట్టినవాళ్ళను ఎవరు ఫొటో తీయగలరు? మన ప్రాంతపు మొరసునాడు కథలో అవ్వ చెప్పే పాత ఊరిని?

అనుమానయ్యవారు: బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చినాక ఇక్కడ తెలుగు చదివే పిల్లలే తగ్గిరి. వాళ్ళ కథల పుస్తకానికి బొమ్మలు వేయించే దుడ్డు ఎవరి దగ్గరుంది? ఆ మాట ఒప్పుకుంటా. బొమ్మలేసేవాడి నోటి కూడు తీయనంతవరకే.

వ్యాసకర్త: ఆ షరతు ఉండాల్సిందే. బొమ్మలేసేవాడు ఉన్నచోట పని అతనికే ఇవ్వాలి. ఎవరూ లేక బొమ్మే లేకుండా అచ్చయ్యే పుస్తకం గురించి నేను మాట్లాడుతున్నాను. అక్కడ కూడా బండల ఫొటోలతో, ఆ ప్రాంతపు ముఖాలతో, వాళ్ళ అనుమతితో ముందు చదువు చెప్పాలి. లేకపోతే మల్లచంద్రంలో హాలీవుడ్ ఆదిమానవుడు తిరుగుతాడు.

అనుమానయ్యవారు: ఫొటో నాది, వాక్యం నాది, మీట నొక్కింది వీడు. బొమ్మ ఎవరిది?

వ్యాసకర్త: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసినవాడు. కంప్యూటరు తయారుచేసిన రచనకు, దాన్ని తయారు చేయించినవాడు. మీ ముగ్గురిలో ఆ చేయించినవాడెవరో చట్టం పేరు పెట్టి చెప్పలేదు.

తొందరప్ప: ఆ తగువు రేపు పెట్టుకోండి, మండీ వాళ్ళు వచ్చేస్తారు. రేయ్ ఉచితప్పా, సంతకు పోయి ముక్కున్న కాయలు నాలుగు పట్టుకొని రా, ఫొటో తీద్దాం. దుడ్డిచ్చి తెచ్చుకో.