బలం సూది శాస్త్రం

బలం సూది అంటే బి విటమిన్లను కండలోకి ఎక్కించే వైద్యం. ఇది రెండు రకాలు: జబ్బును బట్టి వేసేది, అడిగారని వేసేది. మొదటిది వైద్య గ్రంథాల్లో కనిపిస్తుంది. రెండోది మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఆర్‌ఎంపీ బల్ల దగ్గర కనిపిస్తుంది.

మండీలో టమాటా క్రేట్లు మోసి నడుం పట్టేసినా, వేరుశనగ చేలో ఎండకు సొమ్మసిల్లినా, అప్పు తలచుకుని నిద్ర పట్టకపోయినా ఈ శాస్త్రంలో జబ్బు ఒక్కటే: నీరసం. రక్తపరీక్ష అక్కర్లేదు. "సార్, బలానికి ఒక సూదెయ్యండి" అన్న మాటే రోగనిర్ధారణ, అదే చీటీ.

మందు గుణం రంగులో తెలుస్తుంది. ఎర్రగా ఉంటే రక్తం పడుతుందని నమ్మకం. ఆ ఎరుపు బి12 సహజ వర్ణం. మర్నాడు మూత్రం పచ్చగా వస్తే మందు పట్టిందని సంబరం. అది ఒంటికి అక్కర్లేని బి2 బయటికి పోతున్న గుర్తు.

మోతాదులో పిసినారితనం లేదు. పెద్దవారికి రోజుకు కావలసిన బి12 రెండు మైక్రోగ్రాముల పైచిలుకు. ఒక్క సూదిలో సాధారణంగా 1,000. ఏడాది బత్తెం ఒక్క పూటలో దిగుతుంది, చాలా భాగం ఆ ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. తోడుగా ఎక్కించే 500 మిల్లీలీటర్ల ఐదు శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఒక్క రాగిముద్ద బలం అంతకు మించి ఉంటుంది, పైగా దాన్ని స్టాండుకు వేలాడదీయనక్కర్లేదు.

నష్టాలకూ లోటు లేదు: చీముగడ్డ, పిరుదులోని నరానికి దెబ్బ, అరుదుగానైనా ప్రాణం తీసే అలర్జీ. తిమ్మిరికి వేసే బి6 మోతాదు మించి నెలల తరబడి ఎక్కితే తానే తిమ్మిరి తెస్తుంది. వాడిన సూదే మళ్లీ వాడితే హెపటైటిస్, హెచ్‌ఐవీ. 2014లో కంబోడియాలోని రోకాలో లైసెన్సు లేని వైద్యుడి సూదులతో రెండు వందల మందికి పైగా హెచ్‌ఐవీ సోకినట్టు బయటపడింది.

బి విటమిన్ సూది నిజంగా అవసరమైనవారు ఉన్నారు: పేగులు బి12ను పీల్చుకోలేనివారు, లోపం ముదిరి నరాలు దెబ్బతిన్నవారు, తాగుడుతో బి1 అడుగంటినవారు. మిగతా చాలామందికి మాత్ర చాలు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం 1915 నుంచి క్షయ వైద్యానికి పేరుమోసింది. ఐసోనియాజిడ్ వాడే క్షయ రోగికి తగ్గే బి6ను మామూలుగా భర్తీ చేసేది చిన్న మాత్రే. నొప్పి పుట్టించదు కాబట్టి దానికి గౌరవం లేదు. పుంగనూరు ఆవు పాలలోనూ బి12 ఉంది. నోటిదారి కావడమే దాని లోపం.

సురక్షిత వాడకానికి నియమాలు కొన్నే. అర్హత ఉన్న డాక్టరు రాయాలి. వీలైతే ముందు పరీక్ష చేయాలి, అలర్జీ గురించి తప్పక అడగాలి. కొత్త సిరంజి రోగి కళ్లముందే విప్పాలి. అడ్రినలిన్ అందుబాటులో ఉండాలి, సూది తర్వాత కాసేపు కూర్చోబెట్టాలి. ఎన్ని సూదులో, ఎప్పుడు ఆపాలో ముందే చెప్పాలి. ఇవన్నీ పాటిస్తే బలం సూది గిట్టుబాటు కాదు. నీరసానికి ఎక్కువగా కావలసినవి తిండి, నిద్ర, సరిపడా కూలి; ఈ మూడూ ఇంకా ఆంపూల్‌లో రావడం లేదు.